ఇంకొక్క గంప

అనగనగా, నీళ్ళకి మొహంవాచిన ఒక ఊళ్ళో ఓబన్న, తిప్పన్న అని ఇద్దరు అన్నదమ్ములుండేవాళ్ళు. ఇటు జరిగి పడుకో తల్లీ, చెప్తా.

ఓబన్న వేపకొమ్మ పంగ రెండు చేతుల్తో పట్టుకుని చేలల్లో నడిచేవాడు. పంగ వంగిన చోట నీళ్ళున్నాయని చెప్పేవాడు. తిప్పన్న అక్కడ బావి తవ్వేవాడు. అన్న మాట వాడికి వేదవాక్కు. నీళ్ళు పడితే పడేవి. పడకపోతే "తప్పయింది, ఇంకోచోట చూద్దాం" అనేవాడు ఓబన్న. ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు.

ఆ ఊళ్ళోనే సుంకప్ప అని ఒక మోతుబరి. కడుపు నిండినవాడు కదా, ఏమీ తోచేది కాదు. ఒకరోజు, "ఏం ఓబన్నా, అంత నమ్మకముంటే పందెం కాయి. లేదంటే అవన్నీ ఉత్తమాటలే" అన్నాడు.

ఓబన్నకి రోషమొచ్చింది. మొదట కోడిపుంజుని కాశాడు, గెలిచాడు. ఆ తర్వాత మేకని కాశాడు, అదీ గెలిచాడు. ఇంకేముంది, కాళ్ళు భూమ్మీద ఆనలేదు. మూడోసారి ఏకంగా తన కాడెడ్లని కాశాడు. సుంకప్ప కూడా తన ఎడ్లని కాశాడు. శుక్రవారం పొద్దుగూకేలోపు నీళ్ళు పడాలని గడువు పెట్టుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నానికి బావి ఐదు నిలువుల లోతయింది. అప్పుడు లోపల్నుంచి తిప్పన్న, "అన్నా, పక్కమట్టి రాలుతోంది. పైకొచ్చేస్తా. రేపు కట్టెలు అడ్డంపెట్టి దిగుదాం" అన్నాడు.

ఇంకోరోజయితే ఓబన్న వెంటనే తాడు అందించేవాడే. ఆ రోజు మాత్రం పొద్దువంక చూశాడు. గట్టుమీద కట్టేసిన ఎడ్లవంక చూశాడు. "ఇంకొక్క గంప తవ్వరా" అన్నాడు.

తిప్పన్న తవ్వాడు. అన్న మళ్ళీ ఇంకొక్కటన్నాడు. మళ్ళీ తవ్వాడు. మూడో గంప నిండుతుండగా అడుగున నీళ్ళు చిమ్మాయి. ఆ వెంటే పక్కమట్టి విరిగి తిప్పన్న మీద పడింది.

ఊరంతా కలిసి మట్టి తోడారు. తిప్పన్న దక్కలేదు.

సుంకప్ప మాట తప్పలేదు. మర్నాడు ఎడ్లని తోలుకొచ్చి ఓబన్న వాకిట్లో కట్టేశాడు. ఓబన్న వాటి మొహం కూడా చూడలేదు. "నా మాట నిజమేనే. నీళ్ళక్కడే ఉన్నాయి. తెల్లారినా అక్కడే ఉండేవి" అని పెళ్ళాం ముందు కూలబడి ఏడ్చాడు.

నాకు వాడిమీద కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది తల్లీ.

ఆ తర్వాత ఆ బావి నీళ్ళు ఊరంతా తాగింది. ఓబన్న మాత్రం బతికున్నన్నాళ్ళూ ఒక్క గుక్క నోట పెట్టలేదు.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
నిద్దరేమో నా తల్లి కంటికి.