గవ్వలదీవి గోడలో వెలసిన కంతమ్మ తల్లి

గవ్వలదీవి తూర్పు కొసన, సముద్రానికి ఆనుకొని ఉన్న చివరి ఇళ్ళ వరుసలో కంతమ్మ తల్లి సన్నిధి ఉన్నది. రేవులో పడవ దిగి, శాసనసభ పక్క సందులో నుంచి నడిస్తే పావుగంట. దీవి చిన్నదే గాని దేశమే. జెండా ఉన్నది, ముగ్గురు మంత్రులు ఉన్నారు, మాట్లాడుకోవడానికి సభ ఉన్నది. ఆ సభ కన్నా ఈ గోడ పాతది.

మొదటిసారి వచ్చినవారు గుడి ఎదురుగా నిలబడి గుడి ఎక్కడ అని అడుగుతారు. ఇక్కడ గోపురం లేదు, విగ్రహం లేదు. నిలువెత్తు మట్టిగోడ, అందులో నడుము ఎత్తున జానెడు కంత. అదే తల్లి. ఆ గోడకి నున్నటి పలకలు అతికించాలని కిందటి కమిటీవారు తీర్మానం చేశారు. వారి పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎవరో వారికే తెలుసు.

భక్తుడు గోడకి ఇవతల నిలిచి కంతలో చెయ్యి పెట్టాలి. అవతల ఎవరున్నారో కనిపించదు. అవతలివారు ముందు ఒక తిట్టు తిట్టి, ఆ తరువాత చేతిలో ప్రసాదం పెడతారు. తిట్టు లేనిదే ప్రసాదం లేదు. సంగతి తెలియక కొందరు చిన్నబుచ్చుకొని పోతున్నారు. అట్టివారి కోసం ఈ స్థల చరిత్ర వివరంగా చెప్పబడుతున్నది.

పూర్వం ఇక్కడ నూట పది గడపలు ఉండేవి. అన్నీ తాటాకు ఇళ్ళు. నిప్పుపుల్లలు లేని కాలం. ఒకరి పొయ్యి ఆరిపోతే పక్కింటికి పోయి పెంకులో నాలుగు కణికలు తెచ్చుకొనేవారు. ఒక వేసవిలో ఎవరో గాలివేళ నిప్పు పట్టుకొని వీధిలో నడిచారు. రవ్వ ఎగిరింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ముప్పయిరెండు ఇళ్ళు బూడిద అయినాయి.

అప్పుడు దీవి పెద్ద కూర్మినాయుడు పదకొండుగురితో సభ చేసి నిప్పు శాసనం చేశాడు. ఇంటి నుంచి ఇంటికి నిప్పు మొయ్యరాదు. ఇచ్చినవారి పొయ్యి ఏడాది పాటు ఆర్పబడుతుంది. ఎవరి పొయ్యి అయినా ఆరితే సభామండపంలో ఉన్న ఊరి పొయ్యి నుంచి, మూత ఉన్న కుండలో, కావలివాడే తెచ్చి ఇస్తాడు. శాసనం మంచిదే. కాదన్నవారు లేరు. కాని మంచి శాసనానికి తోకలు పెరగడం మొదలయింది. ఉన్న నిప్పు ఉండగానే అడిగేవారు ఉంటారని ఒకరన్నారు. దాని మీద బూడిద కరణం అని ఒక ఉద్యోగిని పెట్టారు. అతను ఇంటికి వచ్చి పొయ్యిలో వేలు పెట్టి, బూడిద చల్లగా ఉన్నదని తాటాకు మీద రాయాలి. అది చాలదని, గోడ కలిసిన ఇరుగు ఒకరు, పొరుగు ఒకరు సాక్ష్యం చెప్పాలన్నారు. కరణం పేరు జగ్గప్ప. వేలు పెట్టడంలో బహు శ్రద్ధ కలవాడు.

తూర్పు వరుసలో చివరి ఇల్లు తవిటమ్మది. భర్త లేడు. కొడుకు పడవ మీద అవతలి ఒడ్డుకి పోయి వానల్లో చిక్కుకున్నాడు. ఇంట్లో నిండు చూలాలు కోడలు సూరీడమ్మ. ఆ ఇంటికి ఒక పక్క సముద్రం, రెండో పక్క గోడ కలిసి గురమ్మ ఇల్లు. ఈ తవిటమ్మ, గురమ్మ ఒకరినొకరు వదినా అని పిలుచుకొంటూ, కూర గిన్నెలు గోడ మీదుగా అందించుకొంటూ బతికినవారు. తవిటమ్మ కొడుకు పెళ్ళిలో, పదిమంది బంతిలో కూర్చుని ఉండగా, గురమ్మ ఒక ముద్ద నోట పెట్టి, "పులుసులో ఉప్పు మరిచిపోనారు" అన్నది. అంతే. ఆ నాటి నుంచి ఆరేళ్ళు మాట లేదు. తవిటమ్మ ఆ ఇంటి వైపు తల తిప్పి చూడలేదు. చెప్పవలసినది ఉంటే గోడకి ఇటు ఈమె తన కోళ్ళని తిట్టేది, అటు ఆమె తన కోళ్ళని తిట్టేది. కోళ్ళకి ఏమీ అర్థం కాలేదు గాని వీరిద్దరికీ అర్థమయ్యేది.

ఆ ఏడు వాన పట్టింది. పాత పుస్తకంలో ఏడు రోజులని అచ్చు వేశారు. అది తప్పు. తొమ్మిది రోజులు. మూడవ నాడు సూరీడమ్మ ఆడపిల్లని కన్నది. నాలుగవ నాడు కప్పు కారి, ధార సరిగ్గా పొయ్యిలో పడి, నిప్పు చచ్చింది. చెకుముకి రాయి ఉన్నది గాని నిప్పు అంటించే దూది తడిసి ముద్దయి ఉన్నది. బాలింతకి కాయం మందు కాచడానికి లేదు, వేడినీళ్ళు లేవు, మంచం కింద కుంపటి లేదు. పురుటి మైల పది రోజులు గడప దాటరాదు కాబట్టి తల్లినీ బిడ్డనీ వేరే ఇంటికి చేర్చే దారి లేదు. వీధిలోవారు పొడిబట్టలు ఇచ్చారు, తలుపు దగ్గర నిలబడి అయ్యో అన్నారు. నిప్పు ఇవ్వడానికి ఎవరికీ ధైర్యం లేదు.

తవిటమ్మ తాటాకు గొడుగు వేసుకొని మండపానికి పోయింది. మరునాడు జగ్గప్ప వచ్చాడు. కాళ్ళు కడుక్కొని, తుడుచుకొని, పొయ్యి ముందు గొంతుకూర్చున్నాడు. పొయ్యిలో పడుకొని ఉన్న పిల్లి లేచి పోయింది. జగ్గప్ప బూడిదలో వేలు పెట్టి కళ్ళు మూసుకొన్నాడు.

"వెచ్చగా ఉన్నది తవిటమ్మా."

"ఇప్పటిదాకా పిల్లి పడుకున్నాది బాబూ. మీ ముందే లేచి పోనాది కదా!"

"పిల్లి సంగతి శాసనంలో లేదు. వెచ్చన అంటే వెచ్చనే. సరే, సాక్షులేరీ? ఇరుగు ఎవరు?"

తవిటమ్మ గోడ వైపు గడ్డం మాత్రం చూపించింది.

"పొరుగు?"

"అటు పక్క సముద్రం ఉన్నాది. పిలవమంటారేటి? కేకేస్తాను, వచ్చి వేలిముద్ర వేస్తాది."

జగ్గప్ప నవ్వలేదు. పొరుగు సాక్షి లేరు, బూడిద వెచ్చన అని రాసుకొని పోయాడు.

ఆరవ నాడు పొద్దున సభ కూడింది. తవిటమ్మ మండపం స్తంభానికి ఆనుకొని తడిబట్టలతో నిలబడింది. పిల్లి వేడి నిప్పు అవుతుందా కాదా అని పదకొండుగురు తర్కించారు. పిల్లి ప్రాణం గలది, కాబట్టి దానిలో అగ్ని ఉన్నదని ఒకరు. ఆ అగ్నితో అన్నం ఉడకదు గనుక కాదని ఇంకొకరు. వారికి ఎదురుగా ఊరి పొయ్యి భగభగ మండుతూనే ఉన్నది. పొద్దు ఎక్కే వేళకి, పిల్లి వేడి నిప్పు కాదు, తవిటమ్మ పొయ్యి చచ్చినట్టే అని తీర్మానించి రాయించారు. తవిటమ్మ కుండ ముందుకు చాపింది.

కూర్మినాయుడు చెయ్యి అడ్డం పెట్టాడు. "తొందరపడకు. సాక్షుల సంగతి ఉన్నది కదా. సముద్రం ఉన్నచోట ఒక సాక్షి చాలునా అన్నది రేపు చూద్దాము. గురమ్మని ఒక మాట చెప్పమను."

"రేపటికి బిడ్డ ఉంటాదా నాయుడుబాబూ?"

"అట్లా అపశకునం మాట్లాడకూడదు" అన్నాడాయన.

ఇంటికి వచ్చేసరికి పసిదాని పాదాలు నీలిబడి ఉన్నాయి. ఏడుపు సన్నబడి, పిల్లికూన మూలిగినట్టు వస్తున్నది. సూరీడమ్మ రొమ్ముకి అదుముకొని, "అత్తా, పాలు పట్టనంటాది" అన్నది. తవిటమ్మ గోడ దగ్గరికి పోయింది. అలవాటు కొద్దీ కోడిపెట్టని పట్టుకొని, "ఓసి పాడుకోడీ, పక్కింటి పొయ్యి ఎన్నడూ ఆరదని పేరే గాని పేరు దేనికి?" అని తిట్టింది. అవతల కోళ్ళ చప్పుడు లేదు. వాన చప్పుడే. ఆరేళ్ళ పౌరుషం గొంతులో అడ్డం పడి ఉన్నది. దాన్ని మింగడం ఆమెకు చావు కన్నా కష్టమయింది. ఈ సంగతి కొందరు తేలికగా చెబుతారు. ఎన్నడూ ఎవరితోనూ మాట మానినవారు కారు, వారికేమి తెలుసు.

వెనక నుంచి పసిదాని మూలుగు ఆగిపోయింది.

"వదినా" అన్నది తవిటమ్మ.

నానిన గోడలో నుంచి మట్టిబెడ్డ ఒకటి జారి కాళ్ళ దగ్గర పడింది. జానెడు కంత పడింది. అందులో నుంచి ఒక చెయ్యి, చేతిలో పెంకు, పెంకు నిండా ఎర్రటి కణికలు.

"ఇప్పటికి పెగిలిందేటే నోరు? పసిగుడ్డు కొయ్యబారిపోయేదాకా ఉప్పు గురించే ఆలోచించినావా? చూస్తావేటి, పట్టు! చెయ్యి కాలతన్నాది!"

అచ్చం గురమ్మ గొంతు. తవిటమ్మ పెంకు అందుకొన్నది. బదులు చెప్పడానికి కూడా ఆగలేదు. తాను పడుకొనే నులకమంచం కాళ్ళు విరిచి పొయ్యిలో పెట్టింది. నీళ్ళు కాగినాయి. కుంపటి మంచం కిందికి పోయింది. కాసేపటికి పసిది కాళ్ళు తన్ని, గుక్కపట్టి, వీధి చివరికి వినబడేటట్టు ఏడ్చింది.

మరునాడు కావలివాడు తూర్పు వరుసలో రెండు కప్పుల మీద పొగ చూసి సభకి చెప్పాడు. ఇద్దరినీ పిలిపించారు. శాసనం తప్పినది ఎవరని కూర్మినాయుడు అడిగాడు.

అబద్ధమాడడం తవిటమ్మ వంశంలో లేదు. "గురమ్మ ఇచ్చినాది. నేను పుచ్చుకున్నాను. ఆర్పితే నా పొయ్యి ఆర్పండి. దానికి మొగుడు మంచం పట్టి ఉన్నాడు."

గురమ్మ నోరు తెరిచింది. "నేను ఇచ్చినానా? నా పొయ్యి చచ్చి మూడు రోజులైనాది! నా మొగుడికి గంజి కాచుకోవడానికి నువ్వే కదా నిన్న కంతలో నుంచి ఇచ్చినావు? ఊరికే ఇచ్చినావా, ఉప్పు సంగతి ఎత్తి మరీ తిట్టినావు!"

"నేను తిట్టినానా?"

"తిట్టకేం! 'ఆరేళ్ళ కిందటి పులుసు ఇంకా అరగలేదేటే నీకు' అన్నావు. అచ్చం నీ గొంతే!"

జగ్గప్ప తన తాటాకులు తిరగవేశాడు. గురమ్మ బూడిద చల్లన అని తన చేత్తోనే రాసి ఉన్నది. ఇరుగు సాక్షి దొరకలేదు గనుక నిప్పు ఇవ్వలేదని కింద రాసి ఉన్నది. ఆ ఇరుగు తవిటమ్మ. తవిటమ్మకి లేని సాక్షి గురమ్మ. పక్కపక్కనే చచ్చిన రెండు పొయ్యిలు, ఒకదానికి ఒకటి సాక్ష్యం లేక మండపంలో ఆగి ఉన్నాయి.

"తవిటమ్మ బూడిద వెచ్చగా ఉన్నది. నేను వేలు పెట్టి చూశాను" అన్నాడు జగ్గప్ప, ఇంకా పట్టు వదలక.

"పిల్లి నిప్పు కాదని నిన్న మీరే కదా రాసుకున్నారు!" అన్నది తవిటమ్మ.

కాదనడానికి లేదు. పదకొండుగురి వేలిముద్రలు ఉన్నాయి. మరి నిప్పు ఎవరిది? చెప్పగలిగినవారు లేక, భోజనాలు చేసి వచ్చి తేల్చుదామని లేచారు. తిని వచ్చిన కూర్మినాయుడు స్తంభానికి ఆనుకొని కునికాడు. ఆ పగటి నిద్రలో ముద్దగా తడిసిన ఒక స్త్రీ ఎదుట నిలిచి నిప్పు అడిగింది. ఆయన కలలో కూడా, "సాక్షులేరీ?" అన్నాడు.

ఆమె విసిగిపోయి తల కొట్టుకొన్నది. "ఓరి కూర్మీ! రెండు పొయ్యిల మధ్య జానెడు మన్ను. ఆ జానెడు దాటడానికి నీ ఊరంతా తిరిగిరమ్మంటావా? ఊరు కాలకూడదన్నావు, మంచిదే. గోడలో కంత పెట్టు. కంతలో గాలి తగలదు, రవ్వ ఎగరదు. ఇరుగుకి పొరుగు చెయ్యి మాత్రం తగులుతుంది. అంతమాత్రం తోచలేదట్రా పదకొండు తలకాయలకి? నేను ఆ గోడలోనే ఉంటాను. మూశావంటే చూసుకో."

ఆయన ఉలిక్కిపడి లేచి, తలపాగా కూడా సర్దుకోకుండా తూర్పు వరుసకి నడిచాడు. వెనక సభ అంతా నడిచింది. గోడ పైనుంచి కింది దాకా నాని నీరు కారుతున్నది. కంత అంచు మాత్రం వేసవి మట్టిలాగా పొడిగా ఉన్నది. జగ్గప్ప అందులో వేలు పెట్టాడు. కళ్ళు మూసుకొన్నాడు. ఈసారి చాలాసేపు తియ్యలేదు.

"వెచ్చగా ఉన్నది" అన్నాడు. అతని కళ్ళవెంట నీళ్ళు కారినాయి. పిల్లి ఎక్కడా లేదు.

ఆ రోజే శాసనం తిరగరాశారు. నిప్పు వీధిలో మొయ్యరాదన్న మాట అట్లాగే ఉంచి, గోడ కలిసిన ప్రతి రెండు ఇళ్ళ మధ్యా జానెడు కంత ఉండాలని, దానిలో నుంచి ఇచ్చిన దానికి సాక్షి అక్కరలేదని చేర్చారు. జగ్గప్ప కొలువు వదిలి, బతికినన్నాళ్ళు ఈ గోడకి మట్టి మెత్తుతూ తల్లిని సేవించాడు. ఇప్పటి పూజారులు అతని సంతతివారే. ఆ పసిపిల్లకి కంతమ్మ అని పేరు పెట్టారు. నేటికీ దీవిలో ప్రతి వరుసలోను కంతమ్మలు, కంతయ్యలు ఉన్నారు.

తవిటమ్మ, గురమ్మ మళ్ళీ వదినా అని పిలుచుకొన్నారు. పులుసులో ఉప్పు ఉన్నదా లేదా అన్నది మాత్రం తేలలేదు. ఏటా వానలు దిగే మాసంలో తవిటమ్మ ఇంటివారు పులుసు వండి నివేదన తెస్తారు. గురమ్మ ఇంటివారు రుచి చూసి, ఉప్పు లేదని పదిమంది ముందు చెప్పి, కంతలో నుంచి ఉప్పు అందిస్తారు. ఆ ఉప్పు పడితేనే అది ప్రసాదం.

శాసనసభ మొదలయ్యే నాడు మంత్రులు ముగ్గురూ చెప్పులు విడిచి వచ్చి కంతలో చెయ్యి పెట్టాలి. అవతల దీవిలోవారు ఎవరైనా నిలబడవచ్చు. తిట్టు తిన్న తరువాత పుచ్చుకొన్న నిప్పుతోనే సభలో దీపం వెలగాలి. కిందటి ఏడు ఒక మంత్రి తనకు వీలు లేక మనిషిని పంపాడు. దీపం మూడుసార్లు ఆరిపోయింది. నాలుగోసారి ఆయనే వచ్చాడు. ఆయనకి పడిన తిట్లు ఇక్కడ అచ్చు వేయదగినవి కావు.

బాలింతలు, చంటిబిడ్డల తల్లులు, ఇరుగుపొరుగుతో మాట పోయినవారు ఇక్కడ మొక్కుకొంటే తల్లి చల్లగా చూస్తుంది. ఎవరి ప్రసాదం వారు తీసుకోరాదు. ఒంటరిగా వచ్చినవారు కంతలో చెయ్యి పెట్టి నిలబడి ఉండాలి. అవతలికి ఎవరో ఒకరు వస్తారు. ఇంతవరకు రాకపోవడం జరగలేదు. ఆలస్యమైతే విసుక్కోవచ్చును. తల్లి దానికి దోషం పట్టదు. చెయ్యి మాత్రం వెనక్కి తియ్యకూడదు.