పాట ఆపమన్న ముగ్గురు

అనగా అనగా, సముద్రం ఊరికి ఇప్పటికంటే కాస్త దగ్గరగా ఉన్న రోజుల్లో, గవ్వలరేవు అనే పట్నం ఉండేది.

ఆ పట్నంలో ఎవరైనా పెద్ద వస్తువు అమ్మదలచుకుంటే రేవు పక్కనున్న మండపం ముందు వేలానికి పెట్టేవారు. వెన్నెల పక్షం మొదలైన నాడు పాట మొదలయ్యేది. పౌర్ణమి నాడు పొద్దు గూకి, మండపంలో జేగంట మోగితే పాట ముగిసేది. ఈలోగా ఎవరైనా వచ్చి తమ ధర పాడవచ్చు. దగ్గరివాళ్ళు నడిచి వచ్చేవారు. దూరంవాళ్ళు ఏరు దాటి వచ్చేవారు. గంట మోగేసరికి ఎవరి పాట పైన ఉంటే వస్తువు వారిది.

ఒక ఏడు వానాకాలంలో ఆ మండపం ముందుకి ఒక పడవ వచ్చింది.

దాన్ని కట్టినవాడు ఎర్రయ్య. పడవలు కట్టడంలో చెయ్యి తిరిగిన వడ్రంగి. వెడల్పాటి పొట్ట, ఎత్తైన ముక్కు, ఏరు సముద్రంలో కలిసే చోట ఎంత వడి ఉన్నా తొణకని పడవ అది. దాని చివరి బల్ల బిగించిన కొద్దిరోజులకే ఎర్రయ్య జ్వరంతో కన్నుమూశాడు. అతని భార్య మరిడమ్మకి పడవ నడపడం రాదు. ఇంట్లో నడిపేవారూ లేరు. పడవ అమ్మి, వచ్చిన దాంతో రెండు పాడి ఆవులు కొనుక్కుని బతుకుదామనుకుంది.

అందరికంటే ముందు కాకిదీవి జనం తెప్ప మీద వచ్చి పాడారు. వాళ్ళకి పెద్ద పోలమ్మ అనే ఆడమనిషి.

"మా పాత పడవ గాలివానకి ముక్కలైపోయింది తల్లీ. మంచినీళ్ళకీ, మంత్రసానికీ కూడా మేం ఇవతలి ఒడ్డుకే రావాలి. ఇవాళ్టికి ఇంతే పాడగలం. ఇల్లిల్లూ తిరిగి ఇంకా పోగుచేసుకుని పౌర్ణమి నాడు వస్తాం. అప్పటిదాకా పాట ఉంటుంది కదా?" అని అడిగింది పోలమ్మ.

"ఉంటుంది. గంట మోగేదాకా ఉంటుంది," అంది మరిడమ్మ.

ఆ మాట పట్టుకుని వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఒకనాడు మరిడమ్మ అన్నం ముందు కూర్చోబోతుంటే కోటిలింగం సెట్టి వచ్చాడు. ఊళ్ళో సగం గిడ్డంగులు ఆయనవే. వచ్చీ రాగానే బరువైన సంచీ ఒకటి ఆమె గడప మీద పెట్టాడు.

"పాట ఆపెయ్. పడవ నాది," అన్నాడు.

"సెట్టిగారూ, పాట పౌర్ణమి దాకా ఉంది కదా."

"ఎందుకమ్మా పౌర్ణమి దాకా? ఈ సంచీలో ఉన్నంత ఇంకెవరిస్తారు నీకు?"

"ఎవరూ ఇవ్వకపోవచ్చు. కానీ ఇప్పటికే కొందరు పాడి వెళ్ళారు."

"ఆ దీవి జనమా? వాళ్ళ పాట కూడా ఒక పాటేనా!" అని సెట్టి నవ్వాడు. మధ్యాహ్నం అడిగాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి అడిగాడు. మర్నాడు గుమాస్తాని పంపి అడిగించాడు. అడిగినప్పుడల్లా గొంతు పెంచాడు.

మరిడమ్మ కాదంటూనే ఉంది. కాదనడం ఆమెకి తేలిక కాలేదు. సంచీ వెనక్కి పోయాక కూడా దాని చప్పుడు ఆమె చెవుల్లోనే ఉంది. ఆ సంచీతో రెండు ఆవులేమిటి, మందనే కొనుక్కోవచ్చు. అయినా, వస్తామని చెప్పి వెళ్ళినవాళ్ళ ముఖాలు గుర్తుకొచ్చి ఆమె మనసు ఒప్పుకోలేదు.

రెండోవాడు దొడ్డి గుమ్మంలోంచి వచ్చాడు. ఆయన కోటలో సరుకులు కొనే అధికారి. గొంతు మెత్తన, నడక మెత్తన.

"మరిడమ్మా, నీకు మాట రాకుండా నేనొక దారి చెబుతాను," అన్నాడు. "పడవ అడుగుచెక్కకి పురుగు పట్టిందని చాటింపు వేయించు. పాడినవాళ్ళంతా వాళ్ళంతట వాళ్ళే తప్పుకుంటారు. పాట రద్దవుతుంది. కొన్నాళ్ళు పోయాక చప్పుడు లేకుండా నేను కొంటాను. నీకూ మంచి ధర, నాకూ మంచి పడవ."

మరిడమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

"మా ఆయన ఏరిన చెక్కకి పురుగు పట్టిందని నా నోటితో చెప్పమంటారా అయ్యా?"

"మాటే కదా! మాటన్నంత మాత్రాన పడవకేం నష్టం?"

"పడవకి నష్టం లేదు. నమ్మినవాళ్ళకుంది. ఈ మాట మీరు అడిగారని నేనెవరికీ చెప్పను. మీరు మళ్ళీ అడగకండి."

అధికారి వచ్చిన దారినే, వచ్చినంత మెత్తగానే వెళ్ళిపోయాడు.

మూడోవాడు తవిటయ్య. ఏటి అవతల మెట్టపల్లి రైతు. అతను గడప దగ్గరికీ రాలేదు, దొడ్డి గుమ్మానికీ రాలేదు. మరిడమ్మ మండపం ముందు పడవకి తాటాకులు కప్పుతుంటే వచ్చి, చెప్పులు విడిచి నిలబడ్డాడు. వేలం నడిపించే పెద్ద గవరయ్య అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"అమ్మా, వరదకి మా ఊరి నారుమళ్ళన్నీ కొట్టుకుపోయాయి," అన్నాడు తవిటయ్య. "ఊరంతా కలిసి నన్ను విత్తనాల కోసం పంపింది. విత్తన వడ్లు కొన్నాను, ఉప్పుటేరు ఒడ్డున పాకలో పెట్టాను. ఈ వడిలో చిన్న పడవలవాళ్ళు బస్తాలు ఎక్కించుకోలేమంటున్నారు. ఈ పడవైతే దాటుతుంది. అదును పోతుందేమోనని నా భయం. పాట పౌర్ణమి దాకా అని తెలుసు. ముందే ముగించే వీలుందా అని అడగడానికి వచ్చాను. ఉంటే ఉందనండి. లేకపోతే లేదనండి, మళ్ళీ అడగను."

మరిడమ్మకి సెట్టికి కాదని చెప్పినప్పుడు ఆశ అడ్డొచ్చింది. అధికారికి చెప్పినప్పుడు కోపం సాయమొచ్చింది. ఇప్పుడు మాత్రం ఆమెకి నిజంగానే 'సరే' అనాలనిపించింది. ఎదురుగా ఉన్నవాడు మంచివాడు. అతని అవసరం పెద్దది.

తాటాకు చేతిలో అలాగే పట్టుకుని మెల్లగా అంది. "కాకిదీవి వాళ్ళు పాడి వెళ్ళారు నాయనా. మళ్ళీ వస్తామన్నారు. ఉంటుందని మాటిచ్చాను."

"ముందే పాడారా?"

"పాడారు."

తవిటయ్య తల ఊపాడు. "అయితే నేనడిగింది మీ ఒక్కరి చేతిలో లేదమ్మా. ఎవరూ పాడకముందైతే అది మీ ఇష్టం. ఒకరు పాడాక, అందులో వాళ్ళకీ భాగం ఉంది. తెలియక అడిగాను."

"నీకు కోపం రాలేదా బాబూ?"

"అడగడం నా వంతు, చెప్పడం మీ వంతు. కోపమెందుకు?"

తర్వాత అతను గవరయ్య వైపు తిరిగి, ఊరు తన చేతికిచ్చిన దాంట్లో మిగిలినదంతా కలిపి, అందరికీ వినబడేట్టు తన పాట పాడాడు. అప్పటికి అదే పై పాట. మరిడమ్మ అతనికి చెంబుడు మజ్జిగ ఇచ్చింది. తాగి, దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఇదంతా కోటిలింగం సెట్టి చెవిన పడింది. పాట ఆగదని ఆయనకి తెలిసిపోయింది. పాట ఆపలేకపోతే పాడేవాళ్ళని ఆపవచ్చు కదా అనుకున్నాడు. తన మనుషుల్ని రేవులకీ, బాటలకీ పంపాడు. "ఎర్రయ్య పడవ సెట్టిగారు ముందే కొనేశారు. పాట ఆపించేశారు. ఇంక రానక్కర్లేదు," అని వాళ్ళు కనబడ్డవాళ్ళందరికీ చెప్పారు. సెట్టి ఆ పడవ మీద కన్నేశాడని అందరికీ తెలుసు. అందుకని అందరూ నమ్మారు. బయలుదేరినవాళ్ళు వెనక్కి తిరిగారు.

పౌర్ణమి వచ్చింది.

ఆ రోజు తవిటయ్య బస్తాలు తడిశాయేమో చూసుకుందామని ఉప్పుటేరు ఒడ్డుకి వెళ్ళాడు. అక్కడ ఒక తెప్ప వెనక్కి తిరుగుతూ కనిపించింది. దాని మీద నలుగురు మనుషులు. మధ్యలో ఒక పెద్దావిడ కొంగులో ఏదో మూటగట్టి, రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"ఎక్కడివారక్కా?" అని కేకేశాడు.

"కాకిదీవి, తమ్ముడూ. పడవ పాటకని వచ్చాం. ఎవరో సెట్టిగారు ముందే ఆపించి కొనేశారట. ముక్కుపుడకలు కూడా అమ్మి తెచ్చాం. ఏం లాభం!" అంది పోలమ్మ.



పై పాట తనది. వీళ్ళు ఇలాగే వెళ్ళిపోతే, పొద్దు గూకేసరికి పడవ తనదే కావచ్చు. తను ఏ అబద్ధమూ చెప్పనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. బురదలో కూరుకుపోయిన నారుమళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. తన చేతికి మూట ఇచ్చి పంపిన ఊరు కళ్ళ ముందు మెదిలింది.

తెప్ప మెల్లగా దూరం జరుగుతోంది.

తవిటయ్య మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి తెప్ప తాడు పట్టుకున్నాడు.

"ఆగండక్కా! పాట ఆగలేదు. ఆపుతారా అని నేనే వెళ్ళి అడిగాను. మీరు పాడి వెళ్ళారని, మాటిచ్చానని చెప్పి ఆ తల్లి కాదంది. ఇంకా పొద్దుంది. పదండి!"

పోలమ్మ అతని వంక వింతగా చూసింది. "నువ్వూ పాడావా?"

"పాడాను."

"మరి మమ్మల్ని రమ్మంటావేం?"

"రావద్దని చెప్పడానికి నేనెవర్ని?" అని తవిటయ్య తెప్ప ఎక్కి గెడ అందుకున్నాడు.

మండపం దగ్గర ఆ సాయంత్రం జనం పలచగా ఉన్నారు. కోట అధికారి కనిపించనే లేదు. కోటిలింగం సెట్టి ముందు వరసలో నిలబడి, తవిటయ్య పాట మీద కాస్తంత పెంచి పాడాడు. పోటీకి ఎవరూ రాలేదు. మరిడమ్మ పడవ పక్కన తల వంచుకుని నిలబడింది. ఆ రోజు గడప మీద పెట్టిన సంచీలో సగం కూడా ఇప్పుడు రావడం లేదు. తప్పు చేశానేమో అని మొదటిసారి అనుకుంది.

గవరయ్య చెయ్యి ఎత్తాడు. "ఒకటోసారి... రెండోసారి..."

"ఆగండి!" అని రేవు మెట్ల మీంచి కేక వినబడింది. పోలమ్మ, వెనకే దీవి మనుషులు, వాళ్ళ వెనక మోకాళ్ళ దాకా తడిసిన తవిటయ్య పైకి వచ్చారు.

సెట్టి మండిపడ్డాడు. "ఇప్పుడా రావడం? అయిపోవచ్చింది, పొమ్మనండి!"

"గంట మోగలేదు," అన్నాడు గవరయ్య. పోలమ్మ వైపు తిరిగి, "ఎందుకింత ఆలస్యమైంది తల్లీ?" అని అడిగాడు.

పోలమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. పాట అయిపోయిందని తమకి చెప్పినవాడు ఎవరని అడిగితే, చెయ్యి చాచి సెట్టి వెనకున్న గుమాస్తాని చూపించింది. గుమాస్తా నేల చూపులు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గుసగుసలాడుకున్నారు.

గవరయ్య నిదానంగా సెట్టి ముఖంలోకి చూశాడు.

"పాట అయిపోయిందని ఊరూరా చెప్పించింది మీరేనా సెట్టిగారూ?"

సెట్టి కండువా సర్దుకుంటూ గుమాస్తా వంక గుర్రుగా చూశాడు.

"పెద్దవారి మాట మేమెందుకు కాదంటాం? మీవరకు పాట అయిపోయింది. మీ ధర తీసేస్తున్నాను. పాడేవాళ్ళు మిగతావాళ్ళు పాడండి."

సెట్టి ముఖం మాడిపోయింది. ఎవరినీ చూడకుండా వెళ్ళిపోయాడు.

పోలమ్మ కొంగు ముడి విప్పి తవిటయ్య పాట కంటే పైకి పాడింది. గవరయ్య తవిటయ్యని చూశాడు. అతను లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. జేగంట మోగింది. పడవ కాకిదీవిదైంది.

మరిడమ్మకి సెట్టి సంచీలో ఉన్నంత రాలేదు. ఆవులు కొనుక్కునేటంత వచ్చింది.

దీవి జనం పడవ చుట్టూ చేరి దాని బల్లల్ని తడుముకుంటున్నారు. తవిటయ్య ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఊరికి వెళ్ళి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

పోలమ్మ వచ్చి అతని ముందు నిలబడింది.

"తమ్ముడూ, నీ బస్తాలు తడవకుండా ఉన్నాయా?"

"ఉన్నాయక్కా."

"అయితే లే. రేపు తెల్లవారగానే ఎక్కిద్దాం. ముందు మీ ఊరు, తర్వాతే మా ఊరు."

"కిరాయి ఎంతివ్వాలక్కా?"

"నువ్వు తాడు పట్టుకోకపోతే ఈ పడవ మాదెక్కడయ్యేది? కిరాయంటావేం?" అని కసిరింది పోలమ్మ.

మర్నాడు పొద్దున్నే పడవ విత్తన బస్తాలతో ఏటి వడిని కోసుకుంటూ అవతలికి దాటింది. గట్టు మీద నిలబడి మరిడమ్మ చూసింది. ఎర్రయ్య కట్టిన పడవ తొణకలేదు. మెట్టపల్లిలో అదును దాటకముందే నారు పోశారు. తవిటయ్య తీసుకెళ్ళిన మూటలో మిగిలిన డబ్బు, ఇంటింటికీ ఎవరిది వాళ్ళకి తిరిగి చేరింది.

కాబట్టి పిల్లలూ, గడువుకి ముందే ఇమ్మని అడగడం తప్పు కాదు. నలుగురి ఎదుట, ఒక్కసారి, మర్యాదగా అడగాలి, కాదంటే నవ్వుతూ తప్పుకోవాలి, ఎందుకంటే ఒకరికి మాటిచ్చిన గడువు మరొకరి తొందర కోసం అమ్ముకునేది కాదు.