పరదేశి మాస్టారు తెచ్చిన డిస్కు

శారదా నది ఒడ్డున వినికిడి లేని పిల్లల బడిలో సుధీంద్ర అనే కంప్యూటర్ టీచరు ఉండేవాడు. మనసు మంచిదే గానీ, ఎవరేం చెబుతున్నా సగంలోనే “ఆఁ, అర్థమైంది” అనేసే తొందర అతనిది.

ఆ బడిలో పాఠాలన్నీ చేతులతోనే జరిగేవి. సైగల్లో కథ చెప్పాలంటే పరదేశి మాస్టారే చెప్పాలి. ఆయనకూ పుట్టినప్పటి నుంచీ వినపడదు. ఆయన వేళ్లు కదిలితే చాలు, పిల్లల కళ్ల ముందు చేపలు ఈదేవి, రైళ్లు పరుగెత్తేవి. ఇప్పుడాయన రిటైరయ్యారు. పైగా చేతులు వణికే జబ్బు పట్టుకుంది. ఆయన కథల వీడియోలు పాత డిస్కుల్లో అక్కడొకటి ఇక్కడొకటిగా పడి ఉన్నాయి. కొన్ని అప్పుడే మొరాయిస్తున్నాయి.

ఆ సమయంలోనే, మూతపడిన ఒక ఆఫీసు వాళ్లు తమ పాత సర్వర్‌ను బడికి ఇచ్చారు. సర్వర్ అంటే అందరికీ కావలసినవి ఒకచోట దాచిపెట్టి, ఎవరడిగితే వాళ్లకు అందించే పెద్ద కంప్యూటర్.

“మాస్టారి కథలన్నీ ఇందులో పెట్టేద్దామండీ సుధీంద్ర గారూ. ఏ తరగతి పిల్లలైనా కావలసినప్పుడు చూసుకుంటారు,” అంది హెడ్‌మిస్ట్రెస్ హైమవతి.

“అదెంత పని మేడమ్! మధ్యాహ్నానికల్లా అయిపోతుంది,” అన్నాడు సుధీంద్ర.

ముందు ఆ సర్వర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. సుధీంద్ర ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టాడు. తెర మీద ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు వచ్చాయి. అతను చదవకుండానే ఎంటర్ మీద ఎంటర్ కొట్టుకుంటూ పోయాడు. చివరికి ‘పూర్తయింది’ అని వచ్చింది. ఆపి, మళ్లీ ఆన్ చేశాడు. నల్లటి తెర మీద ఒకే ఒక్క వాక్యం కనబడింది. ‘మొదలుపెట్టడానికి డిస్కు దొరకలేదు.’

“పెన్‌డ్రైవ్ పాడై ఉంటుంది,” అనుకుని ఇంకొకటి పెట్టాడు. మళ్లీ అదే వాక్యం. కేబుళ్లు మార్చాడు. మెమరీ చిప్పులు ఊడదీసి అటూ ఇటూ పెట్టాడు. సెట్టింగులన్నీ ఒకేసారి కెలికాడు. దేన్ని మారిస్తే ఏమైందో అతనికే తెలియకుండా పోయింది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అదే నల్లటి తెర.

“ముసలి యంత్రం! దీని డిస్కులే చచ్చిపోయాయి,” అని విసుక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే పరదేశి మాస్టారు వచ్చారు. బస్సు దిగి ఎండలో నడిచొచ్చారు. జేబు రుమాలులో చుట్టి తెచ్చిన డిస్కును సుధీంద్ర చేతిలో పెట్టి, సైగ మొదలుపెట్టారు.

‘ఇది... నీకు...’

తర్వాతి మాట కోసం ఆ వణికే వేళ్లు గాలిలో తడుముకుంటున్నాయి. సుధీంద్ర ఆగలేదు. సర్వర్‌కు ఖాళీ డిస్కు అవసరమని ఎవరో చెబితే తెచ్చి ఇచ్చారనుకున్నాడు. థాంక్స్ అని సైగ చేసి, గిరుక్కున యంత్రం వైపు తిరిగాడు. మాస్టారి చేతులు కాసేపు అలాగే నిలిచిపోయి, మెల్లగా కిందికి దిగాయి. ఆయన చిన్నగా నవ్వుకుని పిల్లల్ని చూడ్డానికి వెళ్లారు.

సుధీంద్ర ఆ డిస్కును సర్వర్‌కు తగిలించాడు. ‘ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?’ అని తెర అడిగింది. ఎంటర్ కొట్టాడు. అయినా సర్వర్ లేవలేదు.

ఇంతలో హైమవతి మురిసిపోతూ వచ్చింది. “మాస్టారు వానచినుకు కథ తెచ్చారటగా! చేతులు బాగున్న రోజుల్లో వాళ్లమ్మాయి తీసిన వీడియోనట. ఇంకెక్కడా లేదట. కాపీ చేసుకున్నారా?”

సుధీంద్ర గబుక్కున తెర వైపు తిరిగాడు. పోయిన వీడియోను వెనక్కి తెచ్చే దారులన్నీ వెతికాడు. ఏదీ పనిచేయలేదు. ఖాళీ డిస్కు పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. మాస్టారి ముందు మోకాళ్ల మీద కూర్చుని, జరిగింది సైగల్లో చెప్పాడు.

మాస్టారు డిస్కు తీసుకుని బొటనవేలితో నిమిరారు. తర్వాత నెమ్మదిగా చేతులు కదిపారు. ఈసారి సుధీంద్ర చూపు తిప్పుకోలేదు.

‘ఇది నీకు ఇస్తున్నాను... జాగ్రత్తగా... దాచు... అని చెప్పబోయాను బాబూ.’

సుధీంద్రకు కళ్లనీళ్లు తిరిగాయి. మాస్టారు అతని భుజం తట్టి, పిల్లల వైపు చూపించి సైగ చేశారు. ‘కెమెరా తెచ్చుకో.’

పిల్లలంతా చుట్టూ చేరారు. మాస్టారు వానచినుకు కథ మళ్లీ మొదలుపెట్టారు. ఒక్కో మాటకూ ఎంతో సమయం పట్టింది. మబ్బులోంచి జారిన చినుకు ఆయన వేళ్ల చివర గజగజలాడింది. ముందు వరుసలోని చిన్నపిల్ల ఒకతె, ‘పాపం, చినుక్కి చలేస్తోంది!’ అని సైగ చేసింది. మాస్టారు పకపకా నవ్వేశారు. ఒక్క పిల్లవాడూ కదల్లేదు. ఆ చేతులు ఆగినప్పుడల్లా అందరూ ఆగి చూశారు.

కెమెరా పట్టుకున్న సుధీంద్ర, ‘ఇంకేముంది, చినుకు సముద్రంలో కలిసిపోతుంది’ అనుకున్నాడు. కానీ చినుకు సముద్రానికి పోలేదు. దారిలో దాహంతో సొమ్మసిల్లిన ఒక చీమ కనబడితే, దాని నోటి దగ్గర ఆగిపోయింది. ఏళ్ల తరబడి ఆ బడిలోనే ఉన్నా, ఆ కథ ముగింపు సుధీంద్ర చూడటం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే అతను సర్వర్ ముందు కూర్చున్నాడు. మార్చినవన్నీ ముందున్నట్టే పెట్టాడు. మళ్లీ మొదలుపెట్టి, వచ్చిన ప్రతి వాక్యాన్నీ నిదానంగా చదివాడు. మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది. ‘ఈ యంత్రాన్ని కొత్త పద్ధతిలో మొదలుపెట్టాలా, పాత పద్ధతిలోనా?’ గుర్తు ‘కొత్త’ మీద ఉంది. అన్నిసార్లూ అతను దాని మీదే ఎంటర్ కొట్టాడు. ఆ పాత సర్వర్‌కు తెలిసింది పాత పద్ధతి ఒక్కటే! సుధీంద్ర గుర్తును ‘పాత’ మీదికి దించి నొక్కాడు. ఆపి, ఆన్ చేశాడు.

సర్వర్ లేచి కూర్చుంది. దాని డిస్కులన్నీ నిక్షేపంగా ఉన్నాయి. అందులో అతను మొట్టమొదట దాచింది, మాస్టారు వణికే చేతులతో చెప్పిన కథనే.

“ఇంతకీ దానికి వచ్చిన జబ్బేమిటండీ?” అని అడిగింది హైమవతి.

“జబ్బేమీ లేదు మేడమ్. ఏం కావాలో అది మొదటిసారే అడిగింది. నేనే చూసుకోలేదు,” అన్నాడు సుధీంద్ర.

సర్వర్ బాగుపడింది గానీ, చెరిగిపోయిన ఆ పాత వీడియో మాత్రం మళ్లీ దొరకలేదు. అప్పటి నుంచి పరదేశి మాస్టారు బడికి వస్తే, సుధీంద్ర చేతిలో పని పక్కన పెట్టి ఆయనకు ఎదురుగా కూర్చునేవాడు. ఆయన చేతులు ఒడిలోకి చేరేదాకా తన చేతులు కదిపేవాడు కాదు.

నీతి: ఎదుటివారు చెప్పేది సగంలోనే అర్థమైందనుకుంటే మిగతా సగం మనకు దక్కదు, చివరిదాకా ఓపిక పట్టడమే నిజమైన మర్యాద.