నెమలీకల కట్ట

వకీలు పినాకపాణికి వారం నుంచి నిద్ర లేదు. ఉరిశిక్ష పడిన ఓబులేసు తరఫున వాదించేది ఆయనే. ఓబులేసు చేసింది ఘోరమే, కాదనడు. ప్రాణం మాత్రం తియ్యొద్దని పెద్ద కోర్టులో ఎన్నిసార్లు మొక్కినా ఓడిపోయాడు. ఇక మిగిలింది ఒక్కటే మాట: తాడు వద్దు, సూదిమందు ఇవ్వండి, అని. గౌరవంగా బతకమన్న రాజ్యాంగం చావులో మాత్రం గౌరవం వద్దంటుందా? సోమవారమే విచారణ.

గురువారం పొద్దున్నే కాగితాలు సంకలో పెట్టుకుని గురువు దగ్గరికొచ్చాడు. గురువంటే దర్గాలో ఉండే జలాల్ తాత. ఏ కులం, ఏ మతం అని అడగని మహానుభావుడు. వచ్చినవాళ్ల తలమీద నెమలీకల కట్టతో ఒక్కసారి తాకితే గుండెల్లో బరువు దిగిపోతుందని జనం నమ్మకం. నమ్మకమేంటి నాయనలారా, దిగుతుంది!

"తాడుకైతే ఇన్ని నిమిషాలు, సూదికైతే ఇన్ని. అన్నీ రాశాను తాతా. నొప్పే తెలీదు. ఈ మేలన్నా చేస్తా వాడికి," అన్నాడు పినాకపాణి, కాస్త గర్వంగానే.

తాత ఆ కాగితాలు ముట్టుకోలేదు.

"ఆ గోడకేసి తిరిగి కూర్చో నాయనా. ఈ పొద్దు ఎప్పుడో ఒకప్పుడు ఈ కట్టతో నీ తల తాకుతా. తాకితే నీకూ నాకూ చెల్లు. లేచి పోవాల. మళ్లీ ఈ గడప తొక్కగూడదు."

"తాతా! నేనేం తప్పు చేశాను?"

"నొప్పేం ఉండదులే. నెమలీకే కదా."

ఇరవై ఏళ్ల శిష్యరికం. ఎదురు చెప్పలేక కూర్చున్నాడు.

వెనక జనం వస్తున్నారు, పోతున్నారు. ఈకలు సరసరమన్న ప్రతిసారీ ఆయన మెడ బిగుసుకుపోయేది. తాకింది ఇంకెవరినో అని తెలిసి ఊపిరి వదిలేవాడు.

"ఏం లాయరు సారూ, బడిపిల్లోడి మాదిరి గోడకేసి కూర్చోబెట్టినాడే తాత! అబద్ధమాడి దొరికిపోతివా?" అని ఒక ముసలమ్మ నవ్వింది. ఆయనకి నవ్వు రాలేదు.

మధ్యాహ్నం ఎవరో మలీద ప్రసాదం ఆకులో పెట్టిచ్చారు. ముద్ద నోటిదాకా పోలేదు, చేతిలోనే ఎండిపోయింది. సాయంత్రం నమాజు వేళకి తాత అడుగులు వెనక వినబడితే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అడుగులు దాటిపోయాయి. అప్పుడొచ్చింది ఏడుపు.

పొద్దు వాలింది.

"తాతా, మీ కాళ్లు పట్టుకుంటా. తాకేదేదో తాకేయండి. ఇంక నావల్ల కాదు."

"నొప్పి పుట్టిందా నాయనా?"

"మీరింకా తాకనే లేదు కదా!"

"మరి ఓబులేసు ఎన్నేళ్లాయ, గోడకేసి కూర్చుని?"



"పదకొండు," అన్నాడు పినాకపాణి, వెనక్కి తిరుగుతూ.

తాత ముందు కూడా మలీద ఆకు అలాగే ఉంది, చీమలు పట్టి. నెమలీకల కట్టని కింద పెట్టబోతున్నాడు. పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

"తాకాల్సిన ఈ చెయ్యి సంగతి కూడా రాయి నాయనా, నీ కాగితాల్లో," అన్నాడు.