నడిమివాడ శిక్ష

వెనకటికి జయగిరి రాజ్యాన్ని రణధీరభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ఆర్భాటమంటే ప్రాణం. తుమ్మినా భేరీ మోగాల్సిందే.

ఆ రాజ్యానికి నట్టనడుమ నడిమివాడ అని ఒక పట్టణం ఉండేది. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. కోట లేదు, కొండ లేదు, చుట్టూ జొన్నచేలు. అక్కడ ఏమీ జరగదని లోకమంతా చెప్పుకునేది. అందుకే రాజు తనకు కోపం తెప్పించినవాళ్ళను చెరసాలకు పంపేవాడు కాదు. "పో, కొన్నాళ్ళు నడిమివాడలో పడి ఉండు!" అనేవాడు. సభ గొల్లున నవ్వేది.

ఆస్థాన విదూషకుడు వల్లభయ్య పుట్టింది ఆ ఊళ్ళోనే. అందరితోపాటు తనూ నవ్వేవాడు గానీ, లోపల మనసు చివుక్కుమనేది.

ఒకసారి రాజుగారి పద్యం వింటూ ఆవలించినందుకు విరూపాక్షశాస్త్రి అనే పండితుడికి ఆ శిక్ష పడింది. గడువు దాటిపోయినా ఆయన తిరిగి రాలేదు.

వల్లభయ్య సమయం చూసి, "ప్రభూ, శాస్త్రిగారే కాదు, తమరు పంపినవాళ్ళెవరూ వెనక్కి రాలేదు. శిక్ష మరీ కఠినమైందేమో! తమరే వచ్చి చూడాలి" అన్నాడు.

రాజు ఉలిక్కిపడ్డాడు. "సరే, ఒక్క పూట. అంతకుమించి ఆ ఊళ్ళో ఉండటం నా వల్ల కాదు" అని వల్లభయ్యను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

నడిమివాడలో భేరీలు మోగలేదు. ఊరివాళ్ళు ఎదురొచ్చి, "ఎండన పడి వచ్చారు, కాళ్ళు కడుక్కోండి మహారాజా" అని జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పెట్టారు. శాస్త్రి ఒక అరుగు మీద కూర్చుని నేతగాళ్ళకు కథ చెబుతూ కనిపించాడు.

"ఎందుకు రాలేదయ్యా?" అన్నాడు రాజు.

"ఇక్కడ బాగుంటే బాగుందంటారు ప్రభూ. బాగాలేకపోతే మజ్జిగిచ్చి మాట మారుస్తారు. భయపడి పొగిడేవాళ్ళు లేరు. ప్రాణం హాయిగా ఉంది" అన్నాడు శాస్త్రి.

రాజుకు పంతం వచ్చింది. గొంతు సవరించుకుని తన పద్యమొకటి చదివాడు. ఒక ముసలమ్మ, "మొదటి పాదం బాగుంది నాయనా" అని మజ్జిగ ముంత చేతికిచ్చింది.

రాజు ముంత ఎత్తి మజ్జిగ తాగాడు. ఆ ఒక్క పాదానికి దక్కిన మెప్పు, సభలో ఇన్నేళ్ళు విన్న చప్పట్లకంటే తీయగా తోచింది.

పూట గడిచింది. రథం సిద్ధమైంది. "రేపు వెళదాంలే వల్లభయ్యా" అన్నాడు రాజు. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే మాట.

వల్లభయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, తమరేం నేరం చేశారని శిక్షను ఇలా రోజుకో రోజు పొడిగించుకుంటున్నారు?"

రాజు తెల్లబోయాడు. మరుక్షణం కడుపు పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి వల్లభయ్య మెడలో వేశాడు.

"ఆ శిక్ష రద్దు చేశానయ్యా! ఇకనుంచి తప్పు చేసినవాణ్ణి నా సభలోనే కూర్చోబెట్టి నా పద్యాలన్నీ వినిపిస్తాను!"