మొదటి గుక్క

ఎండలు ముదిరాయంటే చిట్టేటి వాగులో నీళ్ళుండవు, ఇసుకే ఉంటుంది. ఆ ఇసుకలోనే ఎర్రన్న తాత బడి. కాడి దిగిన ముసలి ఎద్దు ఆయన. గిట్టతో ఇసుక మీద అక్షరం గీస్తాడు, పిల్లలు చుట్టూ మూగుతారు. గీత ఇటు వంగితే ఒక మాట, అటు వంగితే ఇంకో మాట. ఒట్టి గీత నోరు తెరిచి పలకడం ఎంత వింత! గాలి వచ్చి తుడిచేస్తే తాత విసుక్కోకుండా మళ్ళీ గీస్తాడు.

పొద్దు నడినెత్తి దాటితే అక్షరాలు చాలు. అప్పుడు పిల్లలంతా వాగు వెంట తలో వంపుకు పోయి చెలమలు తవ్వాలి. ఇసుకలో గుంట తవ్వితే అడుగున నీళ్ళు ఊరతాయి, అదే చెలమ. తవ్వుకోలేని ముసలీ ముతకా, కుంటీ గుడ్డీ వచ్చి తాగుతారు. బడికి ఒక కట్టుబాటుంది: తవ్వినవాళ్ళే మొదటి గుక్క తాగి చూపాలి. నీళ్ళు మంచివి, అంచు గట్టిది, నన్ను నమ్మి తాగొచ్చు అని చెప్పడమన్నమాట.

కుందేలు పిల్ల తుర్రి వంతుకు చుక్కవ్వ వచ్చింది. చుక్కవ్వ ముసలి దుప్పి, రెండు కళ్ళూ పోయాయి.

"తాతా, చదువుకోడానికి వచ్చినాం గదా, ఈ కూలిపని ఎందుకు? నాకేమొస్తుంది?" అంది తుర్రి.

"తవ్వు, ఊరుతుంది."

"ఊరేది నీళ్ళే గదా. అవి అవ్వ తాగుతుంది."

"ముందు తవ్వు తల్లీ," అని ఎర్రన్న తాత నెమరులో పడ్డాడు.

తుర్రి గొణుక్కుంటూనే తవ్వేది. చుక్కవ్వ పక్కన నిలబడి చెవులతోనే పని చూసేది. "నిలువుగా తవ్వుతున్నావే. నోరు వెడల్పు చెయ్, గోడలు వాలుగా దించు. నిలువు గోడ బరువు ఆనితే కూలుతుంది. కూలేముందు ఇసుక నిట్టూరుస్తుంది చూడు, సన్నగా, జల్లెడ పట్టినట్టు. అది వినబడితే వెనక్కి దూకు. ఇసుక ఒక్కసారే చెబుతుంది."

"నీకెవరు చెప్పినారవ్వా?"

"మా అమ్మకు నేను తవ్వినప్పుడు ఇసుకే చెప్పింది."

ఒక మధ్యాహ్నం తుర్రి చుక్కవ్వను తీసుకురావడానికి పోతుంటే తుమ్మచెట్టు కింద నక్క జిత్తయ్య ఎదురొచ్చాడు. మెడ వంచి, తోక ముడుచుకుని, కొత్తల్లుడిలా వినయంగా ఉన్నాడు.

"తుర్రమ్మా, నాకూ వయసు మళ్ళింది. ఇన్నాళ్ళూ తిన్న పాపం అరగాలంటే కాస్త సేవ చెయ్యాలని మనసైంది. పొద్దున్నుంచీ పైవంపులో చెలమ తవ్వినా. ఇవాళ అవ్వకు నీళ్ళు నేను తాపిస్తాలే. వాగు అవతల దోసపాదు చూసినావా? పిందెలు వేలాడుతున్నాయి. రేపటికి ముదిరిపోతాయి."

"నిజంగానా మామా?"

"చిన్నపిల్లవు, నీకీ చాకిరీ ఏంటమ్మా అని కడుపు తరుక్కుపోయింది."

నక్క కడుపు ఎందుకు తరుక్కుపోతుందో తుర్రి ఆలోచించి ఉండాల్సింది. కానీ లేత దోసపిందె నోట్లో పటుక్కుమన్నట్టే ఉంది. చుక్కవ్వ దగ్గరికి పరిగెత్తింది.

"అవ్వా, ఈరోజు జిత్తయ్య మామ తీసుకుపోతాడు. మంచోడైపోయినాడు."

చుక్కవ్వ గాలివాటుకు మెడ తిప్పింది. ముక్కుపుటాలు కదిలాయి. "నువ్వు చెబితే సరేనమ్మా," అంది. "నువ్వు అడుగు వెయ్యమన్న చోటే ఇన్నాళ్ళూ వేసినా."

తుర్రి వాగు దాటింది, గట్టెక్కింది. దోసపాదు కనబడుతూనే ఉంది. పిందెను పట్టబోతూ తన గోళ్ళు చూసుకుంది. వాటి సందుల్లో తడి ఇసుక గడ్డకట్టి ఉంది. ఎంత నాకినా పోదు, నిద్రలో కూడా పోదు.

పొద్దున్నుంచీ తవ్విన జిత్తయ్య గోళ్ళు ఎట్లా ఉన్నాయి? తుర్రి గుర్తు తెచ్చుకుంది. గోరింటాకుకు సిద్ధం చేసినట్టు శుభ్రంగా ఉన్నాయి.

పిందె అక్కడే వదిలేసి వచ్చిన దారినే పట్టింది.

పైవంపులో ఎవరూ తిరగరు. రెండు వైపులా గట్లు, మధ్యలో ఎవరో ఎప్పుడో తవ్వి వదిలేసిన గుంట. బావి గోడలా నిలువుగా ఉంది. ఎక్కడో అడుగున కాసిన్ని నీళ్ళు. దాని అంచుకు జానెడు దూరంలో చుక్కవ్వ. ఆమె పక్కనే జిత్తయ్య, చూపు ఆమె గొంతు మీద.

"ఇంకొంచెం ముందుకు అవ్వా. అదీ. ఇప్పుడు మోకాళ్ళు వంచి మెడ కిందికి చాపు."

అరవబోయి తుర్రి నోరు నొక్కుకుంది. అరిస్తే అవ్వ బెదిరి ముందుకే దూకుతుంది. మీదపడదామంటే నక్కెక్కడ, తానెక్కడ. అవ్వ ఒక మోకాలు వంచింది.

తుర్రి గొంతు సర్దుకుని, రోజూ పలకరించినట్టే అడిగింది. "మామా, మొదటి గుక్క తాగినావా?"

వంచిన మోకాలు అక్కడే ఆగిపోయింది.

జిత్తయ్య పళ్ళు ఇకిలించాడు. "నువ్వా తుర్రమ్మా? పిందెలు చేదా? తాగినాలే, అంతా అయింది."

"మరి మూతి పొడిగా ఉందే."

"నాకు చప్పుడు కూడా వినబడలేదు," అంది చుక్కవ్వ మోకాలు మెల్లగా నిటారు చేస్తూ. "తవ్వినవాడు తాగందే నేను మూతి పెట్టను నాయనా. మా బడి కట్టుబాటు."

జిత్తయ్య లెక్క వేసుకున్నాడు. నిలబడి ఉన్న దుప్పితో పెట్టుకుంటే గిట్ట దెబ్బకు దవడ రాలుతుంది. అవ్వ వంగాలి, వంగితేనే గొంతు అందుతుంది. ఒక్క గుక్కే కదా, తాగితే పోయిందేముంది.

"అంచు మీద బరువు పెట్టకు మామా," అంది తుర్రి. కొత్తగా తవ్వేవాళ్ళకు అందరూ చెప్పే మాట అది, నోటికి వచ్చేసింది.

"పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ. నీటిపాఠాలు నాకా నేర్పేది?" అని జిత్తయ్య ముందుకాళ్ళు అంచుకు ఆనించి మెడ దించాడు. నీళ్ళు అందలేదు. ఇంకా వంగాడు.

జల్లెడ పట్టినట్టు సన్నని చప్పుడైంది.

"వెనక్కి అవ్వా, వెనక్కి!"

ఆ నిట్టూర్పు చుక్కవ్వ అప్పటికే విన్నది. ఒక్క దూకుతో వెనక్కి పోయింది. గుంట అంచు మొత్తం లోపలికి జారింది, జిత్తయ్యతో సహా. దుమ్ము అణిగేసరికి పైన తోకా, కొట్టుకుంటున్న వెనక కాళ్ళూ మాత్రం మిగిలాయి.

"ఏమైందమ్మా?"

"పడినాడవ్వా. తోక కనబడుతోంది."

"తవ్వు."

తుర్రి కదల్లేదు. "నిన్ను తినడానికి తీసుకొచ్చినాడు."

"తెలుసు. వాడి గొంతులో ఆకలి దారిపొడుగునా వినబడింది."

"మరెందుకు వచ్చినావవ్వా?"

"నువ్వు చెప్పినావని. అనుమానం నీ మీద పెట్టుకోలేకపోయినా. తవ్వమ్మా, ఊపిరి ఆడకపోతే ఎవరికైనా ఒకటే."

తుర్రికి కళ్ళు మసకబారాయి. వెనక కాళ్ళతో నేలను దబదబా తన్నింది, ఆపదలో కుందేళ్ళ కేక అదే. ఆ వెంటనే తవ్వడం మొదలుపెట్టింది. నోరు వెడల్పుగా, గోడలు వాలుగా. కింది వంపు నుంచి పిల్లలు పరిగెత్తుకొచ్చారు, వెనకాల ఎర్రన్న తాత. అందరూ తలో చెయ్యీ వేసి తవ్వితే ముందు వీపు, తర్వాత చెవులు, చివరికి తుమ్ముతూ ముక్కు బయటపడ్డాయి. ముందుకాళ్ళు ఇంకా ఇసుకలోనే ఉండగా తాత ఆగమన్నాడు. కొమ్ములు దించి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇట్లాగే ఉంచుదాం తాతా," అంది మేకపిల్ల లింగి. "బడికి గుర్తుగా బాగుంటాడు."

"నూరు గొడ్లను తిన్న రాబందుకు ఒక్క గాలివాన చాలునట," అన్నాడు తాత. "ఈయనకు పిడికెడు ఇసుక సరిపోయింది. తియ్యండి, పోనియ్యండి."

బయటపడ్డ జిత్తయ్య ఎటూ చూడకుండా నాలుగు అడుగులు వేసి ఆగాడు. "పిల్లా, కూలుతుందని నీకెట్లా తెలుసు? ఏ అక్షరంలో ఉంది అది?"

"అక్షరంలో లేదు మామా. అవ్వ కోసం తవ్వుతుంటే తెలిసింది. నువ్వు ఒక్కరోజు నిజంగా తవ్వినా నీకూ తెలిసేది."

అన్నాక తుర్రి ఎర్రన్న తాత వైపు చూసింది. ఆయన ఏమీ ఎరగనట్టు నెమరేస్తున్నాడు. జిత్తయ్యను తీసిన గుంటలో నీళ్ళు ఊరుతున్నాయి. తుర్రి అందులోకి వంగి మొదటి గుక్క తాగి, చుక్కవ్వను మెల్లగా అంచుకు నడిపించింది.

జిత్తయ్య చెవుల్లో చేరిన ఇసుక ఇప్పటికీ పోలేదంటారు. 'సేవ' అన్న మాట ఎక్కడ వినబడినా కూర్చుని బరబరా గోక్కుంటాడట.

పరుల దాహానికి తవ్విన చేతికే ఇసుక తన గుట్టు చెబుతుంది.