తొండ తల ఎందుకు ఊపుతుంది?

రండి నాయనా, రండి అమ్మా, దగ్గరగా జరగండి. ఆ చివర కూర్చున్న చిట్టితల్లీ, నువ్వు ఇలా ముందుకు రా, అక్కడికి నా గొంతు సరిగ్గా అందదు. కాళ్ళు ముడుచుకోండి. పక్కవాణ్ణి గిల్లడం ఆపండి. వానలిచ్చే వరుణస్వామికి మనసులో ఒక దండం పెట్టుకోండి. పెట్టారా? ఇక వినండి.

ఒకప్పుడు తొండకు తల ఊపడం తెలియదు.

అవును, నిజం! దాని మెడ గోడకు కొట్టిన మేకులా బిర్రుగా ఉండేది. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సిందే. గొంతు కూడా మిగతా ఒంటిలాగే మట్టిరంగులో ఉండేది.

ఆ రోజుల్లో ఎర్రగుట్ట కింద, ఒక రేగుపొద పక్కన, ముళ్ళప్ప అని ఒక తొండ కాపురం ఉండేవాడు. మంచివాడు. ఎవరినీ నొప్పించడు. అందరూ తనని మెచ్చుకోవాలని మాత్రం వాడికి కొంచెం ఎక్కువ ఆశ. వాడి భార్య పేరు బంగారి. ఆ ఏడు బంగారి పొద మొదట్లో గుంట తవ్వి గుడ్లు పెట్టింది, పైన మట్టి కప్పింది. వాన పడితే మట్టి మెత్తబడుతుంది, పిల్లలు తోసుకుని పైకి వస్తాయి. కానీ ఎండలు మండిపోయి ఆ మట్టి కాస్తా బండరాయిలా బిగిసిపోయింది.

"ఏమయ్యా, మన పిల్లలు ఎట్లా బయటికొస్తారు?" అని బంగారి రోజూ అడిగేది.

"వాన వస్తుందిలేవే. యంత్రాన్ని అడిగే రోజు దగ్గరికొచ్చిందిగా" అనేవాడు ముళ్ళప్ప.

ఏ యంత్రం అంటారా? చెబుతా. అంతకుముందు లోకంలోని జీవాలన్నీ ఒకేసారి వాన కావాలని మొరపెట్టుకునేవి. కప్ప ఒక పక్క, నెమలి ఒక పక్క, గేదె ఒక పక్క. పాపం, వరుణస్వామికి చెవులు హోరెత్తిపోయేవి. అందుకని ఆయన ఎర్రగుట్ట మీద ఒక కంప్యూటరు పెట్టించాడు. పక్కనే చిన్న దీపాలు మిణుకుమిణుకుమనే పెట్టె ఒకటి. కంప్యూటరు మాటను మబ్బుల దాకా మోసుకుపోయేది ఆ పెట్టే. ఏడాదికి ఒకసారి, మబ్బు గుట్ట మీదికి వచ్చేవేళ, ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి అడగాలి. ఒక్క గొంతే వినబడాలి. మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి. స్వామి పెట్టిన నియమం అది.

ఏళ్ళ తరబడి ముసలి తాబేలవ్వ ఒక్కతే వెళ్ళి అడిగి వచ్చేది. ఆ ఏడు అవ్వ స్వామి పాదాల దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఎవరు అడగాలి? ఎట్లా అడగాలి?

అక్కడే వచ్చింది తంటా.

గోరువంక చెంగమ్మ ఒకరోజు పొద దగ్గర వాలింది. గట్టిమనిషి. నోరు తెరిస్తే మూయదు.

"ముళ్ళప్పన్నా, నువ్వు పెద్దమనిషివి, చెప్పు. అవ్వ యంత్రం ముందు నిలబడి 'వాన డాటా ఇవ్వు తల్లీ' అనేది. డాటా! నా చెవులతో విన్నా. ఇప్పుడు ఆ కొంగ వచ్చి, అది డాటా కాదు, డేటా అంటున్నాడు. తప్పు పలికితే యంత్రానికి కోపం రాదా? వాన పోదా?"

ఏది ఒప్పో ముళ్ళప్పకు తెలియదు. తెలియదంటే చెంగమ్మ ఏమనుకుంటుందో! అందుకని బిర్రుగా ఉన్న మెడను బలవంతాన ఒకసారి కిందికి వంచాడు. కిర్రుమంది.

"చూశారా! ముళ్ళప్పన్న నా పక్షమే!" అంటూ చెంగమ్మ ఎగిరిపోయింది. పోతూ పోతూ ఒక మిడతను కానుకగా పడేసి మరీ పోయింది.

మధ్యాహ్నానికి కొంగ వచ్చాడు. పేరు దొరసామి. ఏటా దూరదేశాల చెరువులన్నీ తిరిగి వస్తాడు. అక్కడి ముచ్చట్లు చెప్పకుండా గుటక కూడా మింగడు.

"ముళ్ళప్పా, నేను చూడని చెరువు లేదు. ఎక్కడైనా డేటా అనే అంటారు. ఈ డాటా ఏంటయ్యా, తాటాకు విరిచినట్టు! యంత్రం నవ్విపోతుంది. కాదంటావా?"

అంత తిరిగినవాణ్ణి కాదంటే బాగుంటుందా? ముళ్ళప్ప మళ్ళీ తల వంచాడు. ఈసారి కిర్రు కాస్త తక్కువగా వచ్చింది.

ఇక చూడండి తమాషా. మర్నాడు ఉడుత వచ్చింది. "మామా, ఆ దీపాల పెట్టెను రౌటర్ అనాలి కదూ?" తల ఊపాడు. దాని వెనకే కుందేలు వచ్చింది. "బాబాయ్, రూటర్ కదూ?" ఊపాడు. ముళ్ళపంది వచ్చి అడిగింది, ఊపాడు. అది ఏమడిగిందో కూడా వినలేదు! పొద ముందు మిడతలు, చీమలు, చెదలు కుప్పపడ్డాయి. గుట్ట కింద ఇంత పెద్దమనిషి లేడని అందరూ పొగిడారు. ముళ్ళప్ప పొట్ట ఉబ్బింది, మెడ వదులయింది.

బంగారి ఊరుకుంటుందా?

"ఎదురెదురు మాటలకు ఒకే తల ఊపుతావేమయ్యా? రేపు ఇద్దరూ నీ పేరే చెప్పుకుని కొట్టుకుంటారు."

"అబ్బా, ఊరికే భయపడతావు. ఇద్దరూ సంతోషంగా వెళ్ళారు కదా!"

"ఇద్దరినీ సంతోషపెట్టావు సరే, లోపలున్న నీ పిల్లలకు దారి ఎవరు తీస్తారు?"

ముళ్ళప్ప అలవాటు కొద్దీ ఆవిడ మాటకూ తల ఊపాడు.

అడిగే రోజు రానే వచ్చింది. జీవాలన్నీ గుట్ట ఎక్కాయి. డాటావాళ్ళు ఒక పక్క, డేటావాళ్ళు ఇంకో పక్క. నడుమ యంత్రం. దూరాన పడమటి దిక్కులో నల్లటి మబ్బు ఒకటి ఆయాసపడుతూ వస్తోంది.

చెంగమ్మ ముందుకు దూకింది. దొరసామి పొడుగు కాళ్ళతో ఒక్క అంగ వేసి పక్కనే నిలబడ్డాడు. ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు.

"వాన డాటా ఇవ్వు తల్లీ!"

"వాన డేటా ఇవ్వు తల్లీ!"

యంత్రం మెల్లగా అంది: "సరిగా వినబడలేదు. మళ్ళీ చెప్పండి."

"విన్నారా! డేటా అంటే దానికి అర్థం కాలేదు!" అని గోరువంకలు గంతులేశాయి.

"ఏడ్చినట్టుంది! దానికి అర్థం కానిది మీ డాటా!" అని కొంగలు ముక్కులు టపటపలాడించాయి.

మళ్ళీ అడిగారు. ఈసారి వెనకున్నవాళ్ళు కూడా గొంతు కలిపారు. ఉడుత "రౌటర్‌ను కదపండి!" అని అరిచింది. కుందేలు "రూటర్ అనవే!" అని దాని తోక పట్టుకుంది. యంత్రం పాపం, "సరిగా వినబడలేదు, సరిగా వినబడలేదు" అంటూనే ఉంది.

ఇంతలో మబ్బు గుట్ట మీదికి వచ్చేసింది. ఒక కన్ను తెరిచి కిందికి చూసింది.

"ఏమర్రా, నన్ను పిలిచారా, లేదా? ఇంత నీళ్ళు నెత్తిన పెట్టుకుని ఎంతసేపు నిలబడను? పిలవకపోతే కొండ దాటి వెళ్ళిపోతా. మళ్ళీ వచ్చే ఏడే!"

చెంగమ్మ గిర్రున ముళ్ళప్ప వైపు తిరిగింది.

"ముళ్ళప్పన్న తేల్చాడుగా! చెప్పన్నా, డాటా అని!"

"నాతో అన్నాడు డేటా అని! చెప్పవయ్యా!"

ముళ్ళప్ప చెంగమ్మను చూసి తల ఊపాడు. దొరసామిని చూసి ఊపాడు. ఉడుతకు, కుందేలుకు, మళ్ళీ చెంగమ్మకు. పైకీ కిందికీ, పైకీ కిందికీ! చివరికి మెడలో ఏదో కటుక్కుమంది. ఇక తల ఆపుదామన్నా ఆగదు. దానంతట అదే ఊగుతోంది.

అప్పుడే బంగారి పరుగున గుట్ట ఎక్కింది. కాళ్ళ నిండా మట్టి, గోళ్ళు అరిగిపోయాయి.

"ఏమయ్యా! పిల్లలు లేచారు! లోపలి నుంచి గీకుతున్నారు. నేను పైనుంచి తవ్వుతున్నా మట్టి ఊడటం లేదు. వాళ్ళకు ఊపిరి ఆడదయ్యా!"

మబ్బు వెనక అంచు అప్పటికే కొండ దాటుతోంది.

ముళ్ళప్ప వరుణస్వామిని తలచుకున్నాడు. యంత్రం పక్కనున్న రాతి మీదికి ఎక్కాడు. ఊగే తలతోనే, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు:

"నాకు తెలీదు!"

అందరూ వాడి వైపు తిరిగారు.

"ఏది ఒప్పో నాకు తెలీదు. ఆ రోజే చెప్పాల్సింది. మీరంతా నన్ను కాదంటారని భయపడి అందరికీ తల ఊపాను. మీరు తెచ్చిన మిడతలు తిన్నాను. తప్పంతా నాదే. నన్ను తర్వాత తిట్టండి. ఇప్పుడు ఎవరో ఒక్కరు అడగండి, మిగతావాళ్ళం నోరు మూసుకుందాం!"

అంతమంది ముందు ఆ మాట అనేసరికి సిగ్గుతో వాడి గొంతు ఎర్రగా కందిపోయింది. మంకెనపువ్వంత ఎరుపు!

చెంగమ్మ తల దించుకుంది. "సరే, దొరసామీ, నువ్వే అడుగు."

"అయ్యో, అదేం మాట చెంగమ్మక్కా. పెద్దదానివి, నువ్వే అడుగు."

"లేదు లేదు, నువ్వు!"

"ఛ ఛ, నువ్వు!"

"ఓరి మీ మర్యాదలు తగలెయ్య!" అని పైనుంచి మబ్బు ఉరిమింది. "నా తోక దాటిపోతోంది!"

ముళ్ళప్ప ఇక ఆగలేదు. యంత్రం వైపు తిరిగాడు. తల ఊగుతుంటే నాలుక మాత్రం నిలుస్తుందా? "వాన... డా... డే... డయిటా ఇవ్వు తల్లీ!" అన్నాడు.

ఆ పలుకు డాటావాళ్ళదీ కాదు, డేటావాళ్ళదీ కాదు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అయిపోయింది, వాన పోయింది అనుకున్నారు.

యంత్రం హాయిగా అంది: "అలాగే నాయనా. ఇదిగో పంపిస్తున్నా."

పెట్టె మీది దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. మబ్బు వెనక్కి తిరిగింది. ధబధబా మొదలైంది చూడండి వాన! తాళం, మేళం అన్నీ ఒకేసారి మోగినట్టు!

"అయితే ఎట్లా పలికినా నీకు అర్థమవుతుందా తల్లీ?" అని చెంగమ్మ తడిసిన రెక్కలతోనే అడిగింది.

"వరుణస్వామి నాకు చెవులిచ్చాడమ్మా. ఎవరి నోట ఎట్లా వచ్చినా అడిగింది వానేనని తెలియదా? నలుగురూ కలిసి అరిస్తేనే ఒక్క ముక్కా తెలియదు" అంది యంత్రం.

ముళ్ళప్ప, బంగారి జారుకుంటూ దొర్లుకుంటూ గుట్ట దిగారు. రేగుపొద కింద మట్టి బురదయింది. ఆ బురదలోంచి ముందు ఒక ముక్కు వచ్చింది. తర్వాత రెండు కళ్ళు. తర్వాత వేలెడు తోకతో ఒక పిల్ల. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి! బంగారి ఒక్కొక్కదాన్నీ నాకి ముద్దాడింది. పిల్లలు తండ్రి వైపు చూశాయి. తండ్రి తల ఊగుతోంది. బిడ్డలకు తండ్రి చేసిందే కదా చదువు! అవీ ఊపడం మొదలుపెట్టాయి.

ఆ సాయంత్రం ముళ్ళప్ప చేతులు జోడించాడు. "స్వామీ, నా మెడ బిగించవా? ఈ ఎరుపు తీసెయ్యవా?"

స్వామి ఉరుములోంచి నవ్వాడు. "ఉండనీరా. మెడ చూస్తే నీ భయం గుర్తొస్తుంది, గొంతు చూస్తే నీ ధైర్యం గుర్తొస్తుంది. రెండూ నీ పిల్లలకు కావాలి."

అప్పటినుంచే తొండ కంచె మీద కూర్చుని, ఎవరు కనబడినా తల పైకీ కిందికీ ఊపుతుంది. అప్పటినుంచే వానలొచ్చే రోజుల్లో దాని గొంతు ఎర్రబడుతుంది.

ఇక లేచేముందు ఒక్క మాట, బంగారు తండ్రులూ. తొండ తల ఊపిన సంగతి మరిచిపోయినా పరవాలేదు. అందరూ చూస్తుండగా రాయెక్కి "నాకు తెలీదు" అన్నాడే, ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. రేపు బడిలోనో ఇంట్లోనో తెలియనిది ఎవరైనా అడిగితే, తల ఊపకుండా మీరూ ఆ పని చేయండి. ఏదీ, ఒకసారి అందరూ గట్టిగా అనండి, వరుణస్వామికి వినబడాలి!